సాయపడ్డారా అనే ప్రశ్న

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మకి చివరిదాకా అర్థం కాలేదు. బ్యాంకులో అంటే క్యాషియర్ననుకునేది. నేను చేసేది టెస్టింగ్. ఏ దేశంలో ఏ మంత్రి, ఏ సైన్యాధికారి, ఏ పోలీసు పెద్ద తన ప్రజల్ని చిత్రహింసలు పెట్టాడని అమెరికా ప్రభుత్వం నమ్ముతుందో, వాళ్ల పేర్లు మా బ్యాంకుకి వస్తాయి. ఆ పేర్ల వాళ్ల డబ్బు మా బ్యాంకు గుండా కదలకూడదు. కదిలితే కంప్యూటర్ ప్రోగ్రామ్ పట్టుకోవాలి. అది సరిగ్గా పట్టుకుంటోందో లేదో నేను చూడాలి.

రెండువేల ఒకటి దాడుల తర్వాత ఆ పని బాగా పెరిగింది. మా ప్రోగ్రామ్ చాలా చురుకైనది. ఎక్కడో ఒక హోంమంత్రి పేరుతో పోలిక కలిసినందుకు, మా పక్క ఊరు ఎడిసన్‌లో ఉండే ఒక పళ్ల డాక్టరు తన చెల్లెలి పెళ్లికి పంపిన డబ్బు ఆపేసింది. పాపం ఆయన ఫోన్ చేసి, "నేను పళ్లు పీకుతాను గానీ మత్తు ఇచ్చాకే పీకుతానండీ" అని మొత్తుకున్నాడు. అసలు హోంమంత్రి పేరు మాత్రం నేను పనిచేసిన అన్నేళ్లలో ఒక్కసారి కూడా తగల్లేదు. ఆయనకి మాకంటే మంచి బ్యాంకులు ఉండి ఉంటాయి. డాక్టరు మాత్రం పండగ పండక్కీ తగిలేవాడు.

అప్పట్లో మేము అమెరికాలో ప్లెయిన్స్‌బరోలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఎదురు వాటాలో గుంటూరు వైపు అమ్మాయి, మందుల కంపెనీలో పనిచేసేది. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఆమె రెండోసారి నెల తప్పినప్పుడు తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చారు. తండ్రి పోలీసు శాఖలో పెద్ద హోదాలో రిటైరయ్యాడు. సర్వీసులో ఎక్కువ కాలం మా తెలంగాణ జిల్లాల్లోనే చేశాడు. ఆయన పేరు వినగానే నాకు తెలిసింది. మా వైపు ఆ తరం వాళ్లకి ఆ పేరు తెలియకుండా ఉండదు. ఎన్‌కౌంటర్ల రోజుల్లో పేపర్లో తరచుగా కనిపించే పేరు అది.

మనిషిని చూస్తే ఆ పేరు గుర్తురాదు. తెల్లబూట్లు, మడత నలగని ప్యాంటు, నిటారైన నడుము. పొద్దున్నే చెరువు చుట్టూ వాకింగ్ చేస్తూ ఎదురైన ప్రతి మనిషికీ, ఒక్కోసారి బాతులకి కూడా, గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. ఆయన వచ్చిన కొన్నాళ్లకే మా స్కూల్ బస్సు స్టాప్ స్వరూపం మారిపోయింది. అంతకు ముందు పిల్లలు బస్సు రాగానే తోసుకుంటూ ఎక్కేవారు. ఆయన మనవణ్ణి దింపడానికి వచ్చి, ఏమీ అనకుండా, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. పిల్లలు వాళ్లంతట వాళ్లే వరుసలోకి వచ్చేవారు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. తెల్ల తల్లులు ముచ్చటపడిపోయారు. ఒకామె నాతో, "ఆయన గొంతు కూడా పెంచరు, గమనించారా? ఎంత నెమ్మది!" అంది. గమనించానని చెప్పాను.

ఆ ఉగాదికి ఊళ్లో తెలుగువాళ్లంతా హైస్కూల్ హాల్లో సభ పెట్టి ఆయనకి శాలువా కప్పారు. "వారి హయాంలో మా జిల్లాలో పిల్లి కూడా చప్పుడు చేయలేదు" అన్నాడు వక్త. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లి సంగతి తెలియదు గానీ, మా చిన్నాన్న సంగతి నాకు తెలుసు.

చిన్నాన్న జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. నేను స్కూల్లో ఉన్నప్పుడు, విద్యార్థుల మీటింగ్‌లో మాట్లాడాడని ఆయన్ని పోలీసులు పట్టుకుపోయారు. కొన్నాళ్లకి వదిలేశారు. తిరిగొచ్చాక చేతులు భుజాల కంటే పైకి లేచేవి కావు. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా బోర్డు మీద కింది సగంలోనే లెక్కలు చేశాడు. వెనక బెంచీల వాళ్లు లేచి నిలబడి రాసుకునేవారు. ఎందుకలా అని కొత్త పిల్లలు అడిగితే, "పై సగం నాది కాదు రా" అని నవ్వేవాడు.

సభ జరిగిన వారం నేను చిన్నాన్నకి ఫోన్ చేసి, నా ఎదురింట్లో ఎవరున్నారో చెప్పాను. ఆయన నెమ్మదిగా అన్నాడు.

"నన్ను గాయన తానికి తీస్కపోలే బిడ్డా. నన్ను పట్టింది వేరేటోళ్లు. ఆయనకైతే మర్యాదస్తుడని పేరుండె. కుర్సీల కూసుండవెట్టి, మంచినీళ్లు తెప్పిచ్చి, మంచిగ మాట్లాడేటోడట. మిగిలిన పని కిందోళ్లు చూసుకునేటోళ్లు."

"మరి నేనేం చెయ్యాలె చిన్నాన్నా?"

"ఏం చేస్తవ్? ఎదురింటోడు ఎదురింటోడే. మనుమణ్ణి ఆడిపిస్తుండా? ఆడిపియ్యనీ."

అందుకని నేను ఏమీ చేయలేదు. పైగా ఆయన భార్య మీద, నేను ఆంటీ అని పిలిచే ఆవిడ మీద, నాకు ఇష్టం కలిగింది. పొట్టిగా, సన్నగా, ఎప్పుడూ చీర కొంగు నడుముకి దోపుకుని ఉండేది. అంకుల్ వాకింగ్‌కి వెళ్లిన సమయం చూసి, స్టీలు గిన్నెలో ఏదో ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చేది. గోంగూర దొరక్క ఇక్కడి పుల్లాకుతో చేసిన పచ్చడి, ఓట్స్‌తో చేసిన ఉప్మా. తనేమీ తినేది కాదు. నేను తింటుంటే చూసేది. ఎవరేది తినగలరో, ఎవరికేది పడదో మొహం చూసి చెప్పేది. మా చిన్నమ్మాయికి పన్ను కదులుతోందని మాకంటే ముందు ఆవిడే కనిపెట్టింది.

నా ఉద్యోగం సంగతి అంకుల్‌కి తెలిసిన రోజు ఆయన కళ్లు మెరిశాయి. మా బాల్కనీలో కూర్చుని కాఫీ తాగుతూ అన్నీ వివరంగా అడిగాడు.

"అంటే ఆ లిస్టులో పడితే అమెరికా రాలేడు, డబ్బు దాచుకోలేడు. అంతేనా?"

"అంతే అంకుల్."

"చాలా మంచి పని. ఆ దేశాల్లో సిస్టమ్ ఉండదమ్మా. ఎవడు పడితే వాడు ఎవణ్ణి పడితే వాణ్ణి చంపేస్తాడు. రాతకోత ఉండదు. మేము అలా కాదు. ప్రతిదానికీ మెజిస్టీరియల్ ఎంక్వయిరీ వేయించేవాళ్లం. ప్రతిదానికీ." ఒక గుక్క తాగి, ఏదో మామూలుగా అడిగినట్టు అడిగాడు. "మనవాళ్లెవరైనా ఉన్నారా అందులో?"

"లేరంకుల్."

"ఎందుకుంటారు! మనది డెమొక్రసీ."

సంతోషంగానే అన్నాడు. అయినా ఆ గొంతులో కాస్త చిన్నబుచ్చుకున్నట్టు కూడా వినిపించింది. అంత సర్వీసు చేసినవాణ్ణి ప్రపంచం పట్టించుకోలేదన్నట్టు.

ఇంకో ఏడాదికి, అంకుల్, ఆంటీ ఇండియా వెళ్లి మళ్లీ వచ్చేసరికి, ఎదురింటి అమ్మాయికి సిటిజన్‌షిప్ వచ్చింది. తల్లిదండ్రులిద్దరికీ గ్రీన్ కార్డులు అప్లై చేసింది. ఒక ఆదివారం వచ్చి నా సోఫాలో కూలబడింది.

"అక్కా, ఇంటర్వ్యూ డేట్ వచ్చేసింది. డాడీకి ఇంగ్లీష్ ఓకే. మమ్మీకే ఇంటర్‌ప్రెటర్ కావాలి. ఫ్యామిలీ మెంబర్స్ చేయకపోతేనే బెటర్ అంటున్నాడు లాయర్. నువ్వు రావా ప్లీజ్? నీకు ఈ గవర్నమెంట్ గొడవలన్నీ తెలుసు కదా."

"ఏం అడుగుతారు?"

"ఏముంటాయక్కా, ఫామ్‌లో ఉన్నవే. నువ్వు టెర్రరిస్టువా, స్మగ్లరువా, ఎవర్నైనా టార్చర్ చేశావా. అన్నిటికీ నో కొట్టేశాను. ఎవడైనా యెస్ అంటాడా చెప్పు!"

ఎవడూ అనడు. నాకూ అలాగే అనిపించింది. నా ప్రోగ్రామ్ కనీసం పేరు పోల్చి చూస్తుంది. ఇక్కడ ఎదుటి మనిషినే అడిగి నమ్మేస్తారు. వస్తానని ఒప్పుకున్నాను.

ఇంటర్వ్యూ రోజు ఆంటీ పట్టుచీర కట్టుకుంది. దారిలో తినడానికి పులిహోర కలిపి తెచ్చింది. అంకుల్ సూటు వేసుకున్నాడు. ఇమిగ్రేషన్ ఆఫీసు గుమ్మం దగ్గర సెక్యూరిటీ వాళ్లు బెల్టు, బూట్లు విప్పించారు. ఆయన ఏమీ అనుకోలేదు గానీ, గార్డు తనని తడిమిన తీరు ఆయనకి నచ్చలేదు. "చంకల కింద చూడలేదు. చీలమండలు చూడలేదు. ఇలా అయితే ఎవడు ఏదైనా తీసుకెళ్లొచ్చు" అని నాతో మెల్లగా అన్నాడు.

ముందు ఆయన్ని పిలిచారు. మేము ముగ్గురం బయట కుర్చీల్లో కూర్చున్నాం. ఆంటీ గోడ మీద వేలాడుతున్న జెండా వైపు చూస్తూ ఉంది. నేను పత్రిక తిరగేయడం మొదలుపెట్టానో లేదో ఆయన నవ్వుకుంటూ బయటికి వచ్చేశాడు.

"అయిపోయిందా డాడీ?"

"అయిపోయింది. ఆఫీసర్ చిన్నపిల్ల. వాళ్ల నాన్న కూడా పోలీసేనట. నేను పోలీసునని చెప్పగానే లేచి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. 'థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్ సర్' అంది. అప్రూవ్ చేసినట్టే అంది."

"క్వశ్చన్స్ అడిగిందా?"

"అడిగింది. నో, నో, నో మేడమ్. అంతే."

తర్వాత ఆంటీని, నన్ను పిలిచారు. చిన్న గది. ఆ ఆఫీసర్ నిజంగానే చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. మర్యాదగా మాట్లాడింది. ఇద్దరినీ కుడిచెయ్యి ఎత్తమంది. నిజమే చెబుతానని ఆంటీ, విన్నది విన్నట్టు చెబుతానని, ఏదీ కలపనని, ఏదీ తీయనని నేను ప్రమాణం చేశాం.

పుట్టిన ఊరు, పెళ్లయిన ఏడు, పిల్లలెంతమంది. ఇవన్నీ సాఫీగా జరిగాయి. తర్వాత ఆఫీసర్ పేజీ తిప్పి, బస్సులో స్టాపుల పేర్లు చదివినట్టు ప్రశ్నలు చదవడం మొదలుపెట్టింది. మీరెప్పుడైనా వ్యభిచారం చేశారా అన్నదాన్ని ఎంత మెత్తగా తెలుగులో చెప్పినా, ఆంటీ చెవులు మూసుకుని "రామ రామ" అంది. నేను దాన్ని "నో" అని చెప్పాను. ఆ రోజు నేను తీసుకున్న స్వేచ్ఛ అదొక్కటే. మత్తుమందులు అమ్మారా? లేదు. ప్రభుత్వాన్ని కూలదోయాలనుకున్నారా? "నాకెందుకమ్మా!" లేదు.

"ఎవరినైనా చిత్రహింస పెట్టమని మీరు ఆజ్ఞాపించడం గానీ, అందులో పాల్గొనడం గానీ, దానికి సాయపడటం గానీ జరిగిందా?"

నేను తెలుగులో చెప్పాను.

ఆఫీసర్ కలం "నో" గడి మీద ఆనించి ఎదురుచూసింది. ఆంటీ కొంగు వేలికి చుట్టుకుంది. నాకేసి చూసి అడిగింది.

"సాయపడటం అంటే?"

నేను ఆ ప్రశ్నని ఇంగ్లీషులో చెప్పాను. ఆఫీసర్ తలెత్తింది. బహుశా ఆ కుర్చీలో కూర్చున్నాక ఆ మాటకి అర్థం అడిగిన మొదటి మనిషి ఆంటీయే అయి ఉంటుంది. "ఏ విధంగానైనా" అంది.

"అన్నం వండటం లెక్కలోకి వస్తుందేమో అడుగమ్మా" అంది ఆంటీ.

నేను అడిగాను. వివరంగా చెప్పమంది ఆఫీసర్. ఆంటీ నా వైపు చూసి, నాకే చెబుతున్నట్టు చెప్పింది. నేను ఆవిడ ఆగిన చోటల్లా ఇంగ్లీషులోకి మార్చుతూ పోయాను.

"మాకు క్వార్టర్స్ స్టేషన్ వెనకాలే ఉండేది. స్టేషన్‌కి వెనక ఒక గది. అందులో ఎవరో ఒక పిల్లాణ్ణి పెట్టేవారు. ఆ పిల్లల పేర్లు పుస్తకంలో రాసేవారు కాదు. పేరు రాయకపోతే గవర్నమెంటు నుంచి భోజనం ఖర్చు రాదుగా. అందుకని మా ఇంటి నుంచే వెళ్లేది. ఎస్సై కుర్రాడు దొడ్డిదారిన వచ్చి చెప్పేవాడు, ఇవాళ అన్నం పంపండమ్మా, ఇవాళ జావ పంపండమ్మా అని. జావ అన్నాడంటే నోరు తెరవలేకపోతున్నాడని నాకు తెలిసిపోయేది. ముద్దలు కలిపి పంపమంటే చెయ్యి లేవట్లేదని. నేనేమీ అడిగేదాన్ని కాదు. జావ పల్చగా, ఉప్పు చాలినంత వేసి కాచేదాన్ని. తిన్నాక కాస్త తేరుకునేవాళ్లట. తేరుకున్నాక మళ్లీ మొదలెట్టేవారు."

ఆంటీ ఆగింది. నేనూ ఆగాను. చిన్నాన్న బోర్డు కింది సగం నా కళ్ల ముందు కదిలింది. కానీ విన్నది విన్నట్టు చెప్పడమే నా పని. చెప్పాను.

"నేను పెట్టకపోతే ఆ పిల్లలు ఏమైపోయేవారో. పెట్టబట్టే కదా ఇంకో రోజు తట్టుకున్నారు. మరి అది వాళ్లకి సాయమా, వీళ్లకి సాయమా? నాకెప్పుడూ తేలలేదు. చదువుకున్నావిడ, ఆవిణ్ణే చెప్పమనమ్మా."

ఆఫీసర్ చాలాసేపు రాసుకుంది. తర్వాత అడిగింది. "ఆ స్టేషన్‌కి అధికారి ఎవరు?"

"ఆయనే" అంది ఆంటీ.

"ఆయనంటే? పేరు?"

"పేరు చెప్పకూడదమ్మా."

నేను ఉన్నదున్నట్టు మార్చాను. ఆఫీసర్ మొహంలో కంగారు. ముందుకి వంగి, "మీరు ఇక్కడ భద్రంగా ఉన్నారు. పేరు చెప్పొద్దని మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?" అంది.

ఆంటీకి నవ్వొచ్చింది. "బెదిరించడమేమిటి నా మొహం! మొగుడి పేరు ఎవరైనా నోటితో చెబుతారా?"

అది కూడా మార్చాను. ఆఫీసర్ కళ్లు, బల్ల పక్కన అంతకు ముందే ముగించి పెట్టిన ఫైలు మీదికి వెళ్లి, వెనక్కి వచ్చాయి. మీరు స్వయంగా ఆ గదిలోకి వెళ్లారా అని అడిగింది. లేదు. ఎవరినైనా కొట్టారా? లేదు. నిర్ణయం పోస్టులో తెలియజేస్తామని లేచి నిలబడింది. ఆంటీకి షేక్‌హ్యాండ్ ఇవ్వలేదు. ఆవిడ సర్వీసుకి ఎవరూ థాంక్స్ చెప్పలేదు.

కారులో అంకుల్ ముందు సీటు నుంచి తిరిగి అడిగాడు. "అంతసేపేమిటి? ఏమడిగారు?"

"వంట గురించి అడిగారు" అంది ఆంటీ, పులిహోర డబ్బా మూత తీస్తూ.

ఎదురింటి అమ్మాయి పకపకా నవ్వింది. "మమ్మీ ఎక్కడికెళ్లినా అంతే!"

నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. చెప్పాల్సింది ఆంటీ. నేను దుబాసీని మాత్రమే.

కొన్ని వారాలకి అంకుల్ కార్డు వచ్చింది. ఆంటీకి కార్డు బదులు ఉత్తరం వచ్చింది. ఇంటర్వ్యూలో చెప్పిన విషయాల దృష్ట్యా మీ దరఖాస్తు మరింత పరిశీలించాల్సి ఉంది, ఇండియా నుంచి పోలీసు క్లియరెన్స్ పంపండి, నిర్బంధితుల విషయంలో మీ పాత్ర గురించి వివరణ ఇవ్వండి అని. ఒక ఫైలులో చెప్పిన మాట పక్క ఫైలులోకి ఎందుకు నడవలేదో నాకు తెలియదు. బ్యాంకులో అన్నేళ్లు పనిచేసినదాన్ని గనక పెద్దగా ఆశ్చర్యపోలేదు కూడా.

ఆ శనివారం మా ఆయన పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లాడు. అంకుల్ తలుపు తట్టాడు. లోపలికి వచ్చి, నా డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీ లాగి, "కూర్చోమ్మా" అన్నాడు. నా ఇంట్లో నా కుర్చీలో నేను కూర్చున్నాను. ఆయనే వంటింట్లోకి వెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ పైన ఎదురుగా కూర్చున్నాడు. గొంతు ఏమాత్రం పెంచలేదు.

"అక్కడ నువ్వేం చెప్పావో చెప్పు తల్లీ."

"ఆంటీ చెప్పిందే చెప్పానంకుల్."

"ఆవిడకి ఏం మాట్లాడాలో తెలియదు. నువ్వు చదువుకున్నదానివి. ఏది చెప్పాలో, ఏది వదిలేయాలో నీకు తెలుసు."

"వదిలేయనని ప్రమాణం చేశాను."

ఆయన తలూపాడు, నా జవాబుని ఎక్కడో జాగ్రత్తగా దాచుకుంటున్నట్టు. "మీ ఊరు కనుక్కున్నాను. మీ చిన్నాన్న లెక్చరర్ అట కదా. పాపం, ఏదో పొరపాటున ఇబ్బందిపడ్డాడని విన్నాను. అది నా జూరిస్‌డిక్షన్ కాదు, నీకు తెలుసు. అది మనసులో పెట్టుకుని చేశావని నేననను. తర్జుమాలో పొరపాటు జరిగిందని ఒక స్టేట్‌మెంట్ రాసి సంతకం పెట్టు. చాలు. అందరికీ మంచిది."

నీళ్ల గ్లాసు నా ముందే ఉంది. దాహంగా ఉన్నా తాగాలనిపించలేదు. ప్లెయిన్స్‌బరోలో, నా కరెంటు బిల్లు నేను కట్టే ఇంట్లో, ఒక ఫోన్ కాల్ చేస్తే పోలీసులు వచ్చే దేశంలో కూర్చుని, గుమ్మం ఎంత దూరంలో ఉందో చూసుకున్నాను. రాయనని చెప్పడానికి నోరు తెరిచాను.

"రాయనంకుల్."

"ఆలోచించుకో. తొందరేం లేదు. నేను కూర్చుంటాను."

అప్పుడు తలుపు తోసుకుని ఆంటీ వచ్చింది. చేతిలో గిన్నె లేకుండా ఆవిడ మా ఇంటికి రావడం అదే మొదటిసారి.

"ఆ అమ్మాయినెందుకు పట్టుకున్నారు? సరిగ్గానే చెప్పింది. నేను చెప్పిందే చెప్పింది."

"నీకు ఇంగ్లీషు రాదు. ఏం చెప్పిందో నీకేం తెలుసు?"

"నేను ఏడవకుండా చెప్పిన చోట తనూ ఏడవకుండా చెప్పింది. నేను ఆగిన చోట ఆగింది. ఆమాత్రం తెలియదా?"

ఆయన మొహం ఎర్రబడింది. మొదటిసారి కాస్త గొంతు పెరిగింది. "నలభై ఏళ్లు కాపురం చేసి ఒక్కనాడు నన్ను అడిగినదానివి కాదు. అమెరికా వచ్చి, ఎవరో పిల్ల ముందు అంతా కక్కుతావా?"

"నన్నెవరూ అడగలేదు ఇన్నాళ్లూ. ఆ పిల్ల అడిగింది. ప్రమాణం చేయించి మరీ అడిగింది." ఆంటీ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. "మీరూ ప్రమాణం చేశారుగా. మీరేం చెప్పారు?"

ఆయన కుర్చీని తిరిగి టేబుల్ కిందికి సరిగ్గా తోసి, బూట్లు వేసుకుని వెళ్లిపోయాడు. ఆంటీ వచ్చి ఆ గ్లాసులో నీళ్లు సింకులో పారబోసి, గ్లాసు కడిగి బోర్లించింది. "కాఫీ పెట్టు" అంది. మా ఇంట్లో ఆవిడ ఏదైనా అడిగి తాగడం కూడా అదే మొదటిసారి.

క్లియరెన్స్ తెప్పించే పని అంకుల్‌కి చిటికెలో అయిపోయింది. ఒకనాడు జావ కోసం దొడ్డిదారిన వచ్చిన ఆ ఎస్సై కుర్రాడే ఇప్పుడు సంతకం పెట్టే హోదాలో ఉన్నాడు. ఎదురింటి అమ్మాయి ఆ కాగితం నాకు చూపించింది. ఈమెపై ఎలాంటి ఆరోపణలూ లేవని, పైగా పోలీసు కుటుంబాల్లో దయాగుణానికి, అన్నదానానికి పేరుగాంచిన మహిళ అని ఉంది. ఆ దయ ఎవరి మీద చూపిందో, వాళ్లు అక్కడ ఎందుకున్నారో అందులో లేదు. లాయర్ చదివి చాలా స్ట్రాంగ్‌గా ఉందన్నాడు.

ఆంటీ ఆ కాగితం పంపనివ్వలేదు. ఎంత చెప్పినా వినలేదు. చెల్లెలికి ఒంట్లో బాగోలేదన్న మాట పైకి చెప్పి హైదరాబాద్ వెళ్లిపోయింది. కేసు తేలకముందే దేశం వదిలింది గనక దరఖాస్తు రద్దయిపోయినట్టు ఉత్తరం వచ్చింది. అలా ఆ మొత్తం వ్యవహారంలో, చిత్రహింసల ప్రశ్న దగ్గర ఆగిపోయింది జావ కాచిన మనిషి ఒక్కతే.

అంకుల్ మాత్రం కార్డు నిలబెట్టుకోవడానికి ఇక్కడే ఉండిపోయాడు. వంట రాదు. కూతురు ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లింది మైక్రోవేవ్‌లో వేడి చేసుకునేవాడు. బస్ స్టాప్‌లో పిల్లల వరుస అలాగే ఉండేది. ఆ తర్వాత ఒక దూరదేశపు జైలు అధికారుల మీద ఇక్కడ కొత్తగా చట్టం వచ్చినప్పుడు, మా ఆఫీసులో అందరికీ ట్రైనింగ్ ఇచ్చారు. టీవీలో ఆ వార్త చూసి అంకుల్ లిఫ్ట్ దగ్గర నన్ను ఆపాడు. ఆ శనివారం తర్వాత మేము మాట్లాడుకోవడం అరుదు. "ఇప్పటికైనా మంచి పని చేశారమ్మా. అలాంటివాళ్లని వదలకూడదు" అన్నాడు. వెటకారమేమో అని మొహంలోకి చూశాను. కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఇండియా వెళ్లాను. హైదరాబాద్‌లో ఆంటీ ఉంటున్న ఫ్లాట్‌కి వెళ్లాను. ఇంకా సన్నబడింది గానీ హుషారుగా ఉంది. నేను అడగకముందే చెప్పింది, వెనక గదిలో ఉన్నవాళ్లలో ఒకతని ఆచూకీ దొరికిందని, తనొక్కతే బస్సెక్కి వెళ్లి చూసి వచ్చానని. అతను ఇప్పుడు ఒక చిన్న పట్నంలో జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాడట.

"ఏమన్నాడాంటీ?"

"ఎవరని అడిగాడు. చెప్పాను. చాలాసేపు నా మొహంలోకే చూశాడు. ఆ అన్నం మీరు పంపేదా, మేము బస్టాండు హోటల్ నుంచి పోలీసులు తెప్పించేదనుకునేవాళ్లం అన్నాడు."

నేను కుర్చీ ఆవిడకి దగ్గరగా జరుపుకున్నాను.

"ఉప్పు ఎక్కువుండేదట" అంది ఆంటీ. "నోట్లో పుళ్లు కదా, మండిపోయేదట. నేను రుచి కోసమని సరిపడా వేసేదాన్ని. ఆ సంగతే నాకు తట్టలేదు చూడు."

"మిమ్మల్ని కూర్చోమన్నాడా?"

"లేదు. బయట మెట్టు మీదే నిలబెట్టి మాట్లాడాడు. కూర్చోబెట్టాల్సిన అవసరం అతనికేముంది?" అని లేచి, వంటింట్లోకి వెళ్లి, నాకు వడ్డించడానికి కంచం తీసింది.